రియాక్షన్ వేడిని లెక్కగట్టే మనుషుల కోసం: ఒక రిక్రూట్‌మెంట్ ప్రాజెక్టు డైరీ

జులై 2025, మొదటి వారం

విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) కంపెనీ సొంతంగా ప్రాసెస్ సేఫ్టీ ల్యాబ్, అంటే రియాక్షన్ల వేడినీ పేలుడు ముప్పునూ ముందే కొలిచే ల్యాబ్, పెట్టుకుంటోంది. ల్యాబ్ హెడ్ ఒకరు, ఇంజనీరు ఒకరు, పౌడర్ పరీక్షలు తెలిసినవాళ్లు ఒకరు కావాలి. ఏడాదిగా ఈ మూడు పోస్టులూ ఖాళీగానే ఉన్నాయి. హెచ్‌ఆర్ మేనేజర్ ఫోన్ చేసి, "మార్కెట్‌లో అసలు మనుషులే లేరు మేడమ్, మీరైనా ఓసారి చూడండి" అన్నారు.

జూన్ 30న పాశమైలారంలో జరిగిన ప్రమాదం వార్తలు ఇంకా టీవీల్లో నడుస్తూనే ఉన్నాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫార్మా ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఆ ప్రమాదాలకూ ఈ ల్యాబ్‌లో చేయబోయే పనికీ నేరుగా సంబంధం ఉందని నేను అనను. అయినా ఆ పారిశ్రామికవాడలకు రోజూ కంపెనీ బస్సెక్కి వెళ్లేవాళ్లలో నేను ఉద్యోగాలు ఇప్పించినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పోస్టులు సరైనవాళ్లతో నిండితే వాళ్లలో ఎవరో ఒకరు క్షేమంగా ఇంటికొస్తారన్న ఆలోచనతోనే పని ఒప్పుకున్నాను.

మన దగ్గర మామూలు పద్ధతి ఏమిటంటే, మనిషి చేరాక ఏడాది సీటీసీలో (మొత్తం జీతం ప్యాకేజీలో) 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, కన్సల్టెంట్‌కి ఇస్తారు. అదే పోస్టు ఇంకో నలుగురు కన్సల్టెంట్లకీ ఇస్తారు. అందరం నౌకరీ అనే ఉద్యోగాల సైట్‌లో అవే రెజ్యూమెలు తీసి, ఎవరు ముందు పంపితే వాళ్లదే అన్నట్టు పరుగెడతాం. దొరకని మనిషిని వెతకడానికి ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే పది రోజులు ఒక్క పోస్టు మీద కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకని ఫీజులో మూడోవంతు ముందే ఇవ్వాలని, పోస్టులు నాకొక్కరికే ఇవ్వాలని అడిగాను. కొంచెం బేరం నడిచింది కానీ ఒప్పుకున్నారు.

ఇంతకుముందు వచ్చిన రెజ్యూమెల ఫోల్డర్ తెప్పించుకుని చదివాను. దాదాపు అందరూ సేఫ్టీ ఆఫీసర్లు. అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీ చేసినవాళ్లు, వర్క్ పర్మిట్లు, ఫైర్ డ్రిల్స్, హెల్మెట్లు, టూల్‌బాక్స్ టాక్‌లు చూసేవాళ్లు. అవి చాలా అవసరమైన పనులు. కానీ ఈ ల్యాబ్‌కి కావాల్సింది రియాక్టర్ లోపల ఏం జరుగుతుందో ముందే కొలిచి చెప్పే కెమికల్ ఇంజనీరు. పోస్టు పేరు 'సేఫ్టీ ఇంజనీర్' అని పెట్టడంతో వెతికే సాఫ్ట్‌వేర్ మొదలుకొని దరఖాస్తు చేసేవాళ్ల దాకా అందరూ మొదటి అర్థంలోనే తీసుకున్నారు.

జులై రెండో వారం

జేడీ (ఉద్యోగ వివరణ పత్రం) పక్కన పెట్టి ఆర్‌అండ్‌డీ హెడ్‌తో కూర్చున్నాను. "ఈ మనిషి చేరిన ఆరు నెలల్లో ఏ పని అయిపోవాలి సార్?" అని అడిగాను. నా అనుభవంలో జేడీ కంటే ఈ ఒక్క ప్రశ్నే ఎక్కువ సమాచారం ఇస్తుంది. ఆయన కంప్యూటర్ తిప్పి ప్లాంటులో నడుస్తున్న రియాక్షన్ల జాబితా చూపించారు. నైట్రేషన్ ఉంది, హైడ్రోజనేషన్ ఉంది, గ్రిగ్నార్డ్ ఉంది, బీపీకి వాడే సార్టాన్ మందుల్లో సోడియం అజైడ్ వాడే స్టెప్ ఉంది. వీటిలో సగానికి పైగా వేడి లెక్కలు బయటి ల్యాబులకు పంపి చేయించుకుంటున్నారు. రిపోర్టు వచ్చేసరికి స్కేల్ అప్ (ల్యాబ్ నుంచి ప్లాంటు స్థాయికి పెంచడం) ఆలస్యమవుతోంది, ప్రొడక్షన్ వాళ్లు తొందరపెడుతున్నారు.

నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివాను కాబట్టి సగం అర్థమైంది, మిగతా సగం ఆయన ఓపిగ్గా చెప్పారు. లీటర్ ఫ్లాస్క్‌లో రియాక్షన్ వేడి గోడల్లోంచి సులువుగా బయటికి పోతుంది. 5,000 లీటర్ల రియాక్టర్‌లో సరుకు ఎంత పెరిగిందో వేడీ అంత పెరుగుతుంది కానీ, చల్లబరిచే జాకెట్ వైశాల్యం ఆ లెక్కన పెరగదు. ఫ్లాస్క్‌లో ఏమీ కాని రియాక్షన్ ప్లాంటులో అదుపు తప్పేది అక్కడే.

ఆయన దగ్గర్నుంచి ఒక ప్రశ్న తీసుకున్నాను. ఫోన్‌లో ప్రతి అభ్యర్థినీ ఇదే అడగబోతున్నాను: "రియాక్టర్‌లోకి రీఏజెంట్ పోస్తుండగా కూలింగ్ ఆగిపోయింది. మీరు ముందు ఏం తెలుసుకుంటారు?"

"సైరన్ కొట్టి అందర్నీ బయటికి పంపిస్తాను" అంటే అది మంచి సేఫ్టీ ఆఫీసర్ చెప్పే జవాబు. "డోసింగ్ ఆగిందా? ఇప్పటిదాకా పోసినదాంట్లో రియాక్ట్ అవకుండా ఎంత మిగిలింది?" అని నన్నే తిరిగి అడిగితే, మనకు కావాల్సిన మనిషి దొరికినట్టే. ఎందుకంటే ఆ మిగిలిందంతా ఒక్కసారిగా రియాక్ట్ అయితే లోపలి ఉష్ణోగ్రత ఎంతదాకా ఎగబాకుతుందన్నదే అసలు సంగతి. దాన్ని ఎంటీఎస్‌ఆర్ అంటారు. ఆ వేడికి మిశ్రమం డీకంపోజ్ అవడం, అంటే విడిపోవడం, మొదలవుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. వేడి బయటికి పోయే దారి లేనప్పుడు డీకంపోజిషన్ 24 గంటల్లో గరిష్ఠ వేగం అందుకునే ఉష్ణోగ్రత పేరు టీడీ24. ఈ రెంటినీ, సాల్వెంట్ మరిగే ఉష్ణోగ్రతనీ పక్కపక్కన పెట్టి రియాక్షన్లను ఒకటి నుంచి ఐదు తరగతులుగా విభజిస్తారు. స్టోసెల్ అనే స్విస్ నిపుణుడి పద్ధతి అది. ఐదో తరగతి రియాక్షన్‌లో సాల్వెంట్ మరిగి వేడిని మోసుకుపోయే రక్షణ అందేలోపే డీకంపోజిషన్ మొదలవుతుంది.

ఆగస్టు, వెతుకులాట

పోస్టు పేరుతో వెతకడం పూర్తిగా మానేశాను. ఈ పని చేసేవాళ్ల పదవుల పేర్లు కంపెనీకో తీరు. ఒకచోట 'ప్రాసెస్ ఇంజనీరింగ్ ల్యాబ్', ఇంకోచోట 'టెక్ ట్రాన్స్‌ఫర్', మరోచోట ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత విభాగం), కొన్నిచోట్ల ఊరికే 'రీసెర్చ్ సైంటిస్ట్'. వాడే పరికరాలు మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే. మెట్లర్ టొలెడో వాళ్ల ఆర్‌సీ1 అనే రియాక్షన్ క్యాలరీమీటర్ (రియాక్షన్ వేడిని కొలిచేది), చిన్న శాంపిల్ వేడి మార్పులు చూసే డీఎస్‌సీ, అదుపు తప్పే వేడిని పరీక్షించే ఏఆర్‌సీ. అందుకే నౌకరీ రెజ్యూమె డేటాబేస్ రెజ్‌డెక్స్‌లోనూ లింక్డ్‌ఇన్‌లోనూ మనిషిని వదిలేసి పరికరాన్ని వెతికాను.

డీఎస్‌సీ అని కొడితే వేల రెజ్యూమెలు వస్తాయి. ఫార్ములేషన్ వాళ్లు, పాలిమర్ వాళ్లు, పాలీమార్ఫ్‌లు (ఒకే పదార్థపు వేర్వేరు స్ఫటిక రూపాలు) చూసే అనలిటికల్ కెమిస్టులు అందరూ అదే పరికరం వాడతారు. టీడీ24, ఎంటీఎస్‌ఆర్ అన్న మాటలు జోడించేసరికి జాబితా గుప్పెడుకి దిగింది. ఆ మాటలు వేరే రంగంలో ఎవరూ రాయరు. క్యాలరీమెట్రీ అన్న మాటకి ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పుగా రాసినవాళ్ల కోసం విడిగా వెతికాను, అలా మంచి రెజ్యూమెలు రెండు మూడు బయటపడ్డాయి. పదేళ్లు ప్లాంటులో ఉన్న ఇంజనీరు రెజ్యూమె దిద్దుకుంటూ కూర్చోడు. స్పెల్లింగ్ చూసి మనిషిని పక్కన పెట్టే రిక్రూటర్లు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

తర్వాత పేపర్ల మీద పడ్డాను. అమెరికన్ కెమికల్ సొసైటీ 1997 నుంచి 'ఆర్గానిక్ ప్రాసెస్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్' అనే పత్రిక నడుపుతోంది. మన హైదరాబాద్ కంపెనీల కెమిస్టులు అందులో బాగా రాస్తారు. రచయితల జాబితాలో సేఫ్టీ ల్యాబ్ వాళ్లు అరుదుగానే ఉంటారు. కానీ పేపర్ చివర్లో, సాధారణంగా ఎవరూ చదవని కృతజ్ఞతల పేరాలో, వేడి కొలతలు చేసిపెట్టినవాళ్ల పేర్లు ఉంటాయి. ఒక్కో పేపర్ తెరిచి ఆఖరి పేజీకి వెళ్లి ఆ పేర్లు రాసుకున్నాను. మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు దీనికే పోయాయి, అయినా నౌకరీలో ఖాతా కూడా లేని మనుషులు అక్కడే కనిపించారు.

పేటెంట్లలో పెద్దగా ఏమీ దొరకలేదు. ప్రాసెస్ పేటెంట్లలో కెమిస్టుల పేర్లే ఉంటాయి.

గుజరాత్ వైపు చూడటం మాత్రం బాగా కలిసొచ్చింది. అంక్లేశ్వర్, వాపి, దహేజ్‌లలో రంగులు, పురుగుమందులు, ఇంటర్మీడియట్లు చేసే ఫ్యాక్టరీల్లో నైట్రేషన్, క్లోరినేషన్ రోజువారీ పని. అక్కడ పనిచేసే ఇంజనీర్లకి ప్రమాదకరమైన రియాక్షన్లతో మన ఫార్మా వాళ్లకంటే ఎక్కువ పరిచయం. వాళ్లలో ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఉత్తరాంధ్ర కాలేజీల్లోనో చదివి వెళ్లినవాళ్లను ఏరాను. చదువు విశాఖలో, ఉద్యోగం భరూచ్ జిల్లాలో, వయసు నలభైకి అటూ ఇటూ ఉంటే, ఊళ్లో తల్లిదండ్రులు పెద్దవాళ్లవుతుంటారు. ఇంటికి దగ్గరగా మంచి ఉద్యోగం ఉందంటే కనీసం వింటారు.

ఆగస్టు చివర, ఫోన్లు

ప్రొడక్షన్ బ్లాకుల్లోకి మొబైల్ తీసుకెళ్లనివ్వరు, సాల్వెంట్లున్న చోట నిప్పురవ్వ పుట్టకూడదు కదా. కాబట్టి పగలు ఫోన్ చేస్తే ఎత్తరు. సాయంత్రం కంపెనీ బస్సులో ఎత్తినా పక్కసీట్లో సహోద్యోగి ఉంటాడు, 'ఊఁ', 'సరే' తప్ప ఏమీ మాట్లాడలేరు. ముందు చిన్న మెసేజ్ పెట్టి, రాత్రి భోజనాలయ్యాక వాళ్లు చెప్పిన టైముకే చేస్తున్నాను. మెసేజ్‌లో వాళ్ల పేపర్ గురించో, వాళ్లు వాడిన పరికరం గురించో ఒక్క వాక్యం ఉండాలి. 'ఎక్సైటింగ్ ఆపర్చునిటీ' లాంటి మాటలు చూస్తే వాళ్లు మెసేజ్ తెరవను కూడా తెరవరు.

నంబర్ ఎక్కడ దొరికిందని మొదటే అడుగుతారు, అడగాలి కూడా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన వివరాలు వేరు, ఎవరో అమ్మే ఎక్సెల్ షీట్లలో ఉన్న నంబర్లు వేరు. ఆ షీట్లు నేను కొనను. పేపర్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కి రాస్తాను, లేదా ఇద్దరికీ తెలిసినవాళ్ల ద్వారా అడిగిస్తాను. వద్దన్నవాళ్ల వివరాలు ఫైల్లోంచి తీసేస్తాను.

ఇక అసలు ఉపయోగపడింది నలుగురినీ అడిగే తీరు. "ప్రాసెస్ సేఫ్టీలో మంచివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి" అంటే "చూస్తానండీ" అని వదిలేస్తారు. అందుకని పాత ప్రొడక్షన్ మేనేజర్లకి, జీడిమెట్ల, బొల్లారంలలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లకి ఫోన్ చేసి, "సార్, నైట్రేషన్ ప్లాంటుకెక్కించే ముందు మీరు ఎవరి సంతకం కోసం ఆగేవారు?" అని అడిగాను. ఒకాయన వెంటనే నవ్వి, "ఓ పిల్ల ఉండేదమ్మా, మహా గట్టిది. లెక్క తేలందే కదలనిచ్చేది కాదు. నేను కేకలేసినా సంతకం పెట్టేది కాదు" అన్నారు. పేరు, ఏ కంపెనీ, ఏ ఏడాది అన్నీ చెప్పారు. ఆయన్ని మార్కెట్ గురించి అడిగి ఉంటే ఆవిడ పేరు బయటికొచ్చేది కాదు.

సెప్టెంబర్

ఆవిడ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఇంకో కంపెనీలో ఉన్నారు. నా ప్రశ్నకి జవాబు చెప్పడం పూర్తికాకముందే డోసింగ్ వేగం ఎంత, ఇంటర్‌లాక్ (ప్రమాదం వస్తే దానంతటదే ఆపేసే ఏర్పాటు) ఉందా, లోపల గ్యాస్ ఏమైనా వస్తుందా అని నన్నే నిలదీశారు. నేను వెతుకుతున్న మనిషి ఈవిడేనని అప్పుడే అనిపించింది.

జేడీ చదివి ఆవిడ ఒక్కటే అడిగారు. "మేడమ్, జీతం సంగతి తర్వాత చూద్దాం. ఇందులో ల్యాబ్ హెడ్ ప్రొడక్షన్ వైస్ ప్రెసిడెంట్‌కి రిపోర్ట్ చేయాలని ఉంది. నేను వద్దన్న బ్యాచ్‌ని ఆయన రియాక్టర్‌లో వేయమంటే ఎవరి మాట చెల్లుతుంది?"

గుజరాత్ జాబితాలోంచి నేను మాట్లాడిన అంక్లేశ్వర్ ఇంజనీరు కూడా అదే వారంలో దాదాపు ఇదే మాట అన్నారు. మరొకరు కారణం చెప్పకుండానే వద్దన్నారు, బహుశా అదే కారణం. పోస్టు ఏడాదిగా ఎందుకు ఖాళీగా ఉందో నాకు ఇక్కడ అర్థమైంది. పని తెలిసినవాళ్లు ఆ ఒక్క లైను చూసి వెనక్కి వెళ్తున్నారు, తెలియనివాళ్లు దరఖాస్తు చేస్తున్నారు. టన్నుల లెక్కకు జవాబుదారీగా ఉండే మనిషి కింద ఆ టన్నుల్ని ఆపాల్సిన మనిషిని కూర్చోబెడితే, ఎంత మంచివాళ్లయినా ఏదో ఒక రోజు నలిగిపోతారు.

సైట్ హెడ్‌కి ఒక పేజీ నోట్ రాసి, టైము అడిగి పరవాడ వెళ్లాను. ఎవరి పేర్లూ చెప్పకుండా అభ్యర్థులు అడిగిన ప్రశ్నల్ని వాళ్ల మాటల్లోనే చదివి వినిపించాను. ఆయన మొదట "మా దగ్గర అలాంటి సమస్య లేదండీ, అందరం కూర్చుని మాట్లాడుకుంటాం" అన్నారు. ఆర్‌అండ్‌డీ హెడ్ పక్కనే ఉన్నారు. "సార్, బయటి ల్యాబ్ రిపోర్టు రాకముందే మనం మొన్న బ్యాచ్ వేశాం కదా" అని నెమ్మదిగా గుర్తుచేశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. జీతం పెంచమని అడగడం కన్సల్టెంట్లకి అలవాటే, ఎవరికి రిపోర్ట్ చేయాలో మార్చమని అడగడం మాత్రం క్లయింట్‌కి మింగుడుపడని విషయం. అయినా అడక్కపోతే నేను తీసుకున్న ఫీజుకి న్యాయం చేసినట్టు కాదు.

రెండు వారాలకు కొత్త జేడీ వచ్చింది. ల్యాబ్ హెడ్ నేరుగా సైట్ హెడ్‌కి రిపోర్ట్ చేస్తారు. కిలో ల్యాబ్ (కిలోల లెక్కన చేసి చూసే చిన్న ల్యాబ్) దాటే ఏ ప్రాసెస్‌కైనా సేఫ్టీ ల్యాబ్ సంతకం తప్పనిసరి. ఆ వాక్యాన్ని ఆఫర్ లెటర్‌లో కూడా చేర్చమని పట్టుబట్టాను, చేర్చారు.

అక్టోబర్

ఇంజనీరు పోస్టు దగ్గర ఇంకో ఇబ్బంది. ఏఆర్‌సీ తెలిసిన కుర్రవాళ్లని ఇప్పుడు బ్యాటరీ కంపెనీలు ఎత్తుకుపోతున్నాయి. లిథియం సెల్ ఎప్పుడు అదుపు తప్పి వేడెక్కుతుందో కొలవడానికీ అదే పరికరం కావాలి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో గిగా ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక ఈ పోటీ మన గుమ్మంలోకే వచ్చింది.

అందుకని పక్క రంగాల వైపు చూశాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డీఆర్‌డీఓ సాయంతో 2005లో మొదలైన హై ఎనర్జీ మెటీరియల్స్ పరిశోధన కేంద్రం ఉంది. పేలుడు పదార్థాలూ ప్రొపెల్లెంట్లూ ఏ వేడికి ఎలా విడిపోతాయన్నది అలాంటి చోట పీహెచ్‌డీ చేసేవాళ్ల రోజువారీ పని. ఆ రంగంలో పీహెచ్‌డీ చేసిన ఒక అబ్బాయితో మాట్లాడాను. ఫార్మా ప్లాంటు గడప తొక్కలేదు. కానీ డీఎస్‌సీ గ్రాఫ్ ముందు పెడితే, ఎక్కడ డీకంపోజిషన్ మొదలైందో, ఆ ఒక్క స్కాన్‌ని నమ్మి నిర్ణయం ఎందుకు తీసుకోకూడదో, శాంపిల్ పెట్టే క్రూసిబుల్ మూత బిగుతు దగ్గర్నుంచి వివరంగా చెప్పాడు.

క్లయింట్ హెచ్‌ఆర్ "ఇండస్ట్రీ ఎక్స్‌పీరియెన్స్ జీరో" అని పక్కన పెట్టేశారు. వాదించే బదులు ఒక పరీక్ష పెట్టమన్నాను. పేరు, ప్రాడక్టు తీసేసిన పాత గ్రాఫ్‌లు మూడు ఇచ్చి, రెండు గంటల్లో రిపోర్టు రాయమనాలి, ఐదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరికీ అవే ఇవ్వాలి. ఆర్‌అండ్‌డీ హెడ్ పేర్లు చూడకుండా రిపోర్టులు దిద్దారు, ఈ అబ్బాయిది మొదటి స్థానంలో వచ్చింది. ప్లాంటు పద్ధతులు ఆరు నెలల్లో నేర్పుకోవచ్చని ఆయనే హెచ్‌ఆర్‌కి రాశారు. ఆఫర్ వెళ్లింది, డిసెంబర్‌లో చేరతాడు.

నవంబర్

ల్యాబ్ హెడ్ ఆఫర్ ఒప్పుకున్నారు. 90 రోజుల నోటీస్ పీరియడ్. ఈ మూడు నెలలే మా వృత్తిలో అసలు టెన్షన్. రాజీనామా ఇచ్చిన రోజు సాయంత్రమే పాత కంపెనీ కౌంటర్ ఆఫర్ ఇచ్చిందని ఆవిడే ఫోన్ చేశారు. వెళ్లమనీ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. "రాజీనామా చేయడానికి కారణాలు అప్పుడు మీరే ఒక కాగితం మీద రాసుకున్నారు కదా, జీతం పెరిగితే వాటిలో ఏవి తీరతాయో చూసుకోండి" అన్నాను. మర్నాడు పొద్దున్నే "వస్తున్నానండీ" అని మెసేజ్ పెట్టారు.

ఆవిడ అసలు ఇబ్బంది ఇంట్లో ఉంది. కూతురు ఇంటర్ సెకండియర్, పరీక్షలయ్యేదాకా ఇల్లు కదల్చడం కుదరదు. భర్త ఉద్యోగం హైదరాబాద్‌లోనే. ఏప్రిల్ దాకా వారంలో నాలుగు రోజులు పరవాడలో, మిగతా రోజులు హైదరాబాద్ ఆర్‌అండ్‌డీలో పనిచేసేలా సైట్ హెడ్‌ని ఒప్పించాను. కూర్మన్నపాలెంలో గెస్ట్‌హౌస్ ఇస్తామన్నారు. ఇలాంటి సంగతులు ఆఫర్ ఇచ్చాక కాకుండా రెండో ఫోన్‌లోనే అడగాలి. ఇంట్లో ఎవరు ఒప్పుకోవాలి, పిల్లలు ఏ క్లాసు, పెద్దవాళ్లు ఎక్కడున్నారు అన్నవి వ్యక్తిగత విషయాలే, కానీ మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు, పైగా చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికిందనుకుంటారు.

అంక్లేశ్వర్ ఇంజనీరుకి ఈ విడతలో పోస్టు లేకపోయింది. ఆ మాట నేనే ఫోన్ చేసి చెప్పాను, కారణం కూడా చెప్పాను. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అక్కడ యూనిట్లు లేస్తే ఆయనలాంటివాళ్లు అవసరమవుతారు. అప్పటిదాకా నెలకోసారి పలకరిస్తుంటాను.

డిసెంబర్ మొదటి వారం

పౌడర్ టెస్టింగ్ పోస్టు ఇంకా ఖాళీ. పొడి ఎంత చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది, గాల్లో తేలి పేలినప్పుడు ఒత్తిడి ఎంత వేగంగా పెరుగుతుంది అని పరీక్షించేవాళ్లు వీళ్లు. ఆ రెండు కొలతల పేర్లయిన ఎంఐఈ, కేఎస్‌టీ అన్న మాటలతో వెతికితే ఫార్మాలో ఇద్దరు ముగ్గురే కనిపించారు, వాళ్లు కదిలే పరిస్థితిలో లేరు. పొడి పేలడం ఫార్మాకి మాత్రమే ఉన్న సమస్య కాదు. చక్కెర, పిండి, బొగ్గు, అల్యూమినియం పౌడర్ ఉన్న ప్రతిచోటా ఉంది. డస్ట్ కలెక్టర్లు, ఎక్స్‌ప్లోజన్ వెంట్‌లు డిజైన్ చేసే కంపెనీల అప్లికేషన్ ఇంజనీర్ల జాబితా తయారైంది. సోమవారం నుంచి వాళ్లకి మెసేజ్‌లు మొదలుపెడతాను. ఈలోగా ఆర్‌అండ్‌డీ హెడ్ దగ్గర ఈ పోస్టుకి కూడా ఒక స్క్రీనింగ్ ప్రశ్న తీసుకోవాలి. గురువారం ఆయన హైదరాబాద్ వస్తున్నారు, అరగంట ఇస్తానన్నారు.